పిల్లవాడికి చెప్పని మాట

పల్నాటివారికి బాలచంద్రుని బొంగరం కథ కొత్తగా చెప్పనక్కరలేదు. గురజాల, మాచర్ల రాజ్యాల నడుమ పగ ముదిరి, కారెంపూడి దగ్గర సైన్యాలు దిగిన రోజులవి. తండ్రి బ్రహ్మనాయుడు అక్కడే ఉన్నాడు. తల్లి ఐతాంబ మాత్రం ఒక్కగానొక్క కొడుకును యుద్ధానికి దూరంగా పెట్టుకొంది. బాలచంద్రుడు తోటి పిల్లలతో బొంగరాలాడుతున్నాడు. విసిరిన బొంగరం గురి తప్పి అన్నమ్మ అనే ఆమె కాలికి తగిలింది. ఆ నొప్పిలో, ఆ కోపంలో ఆమె పిల్లవాణ్ణి దెప్పిపొడిచింది. నీవాళ్ళంతా అక్కడ చావుబతుకుల మధ్య ఉంటే నీకిక్కడ ఆటలా అన్నది. ఆ మాటతో ఆట ఆగిపోయింది. తల్లి వద్దన్నా పిల్లవాడు ఆగలేదు. భార్య మాంచాల చేతులమీదుగా కత్తి అందుకొని కారెంపూడి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

ఇది 12వ శతాబ్దపు యుద్ధంగా చెబుతారు. శ్రీనాథుని పేరుమీద ద్విపద కావ్యం ఉంది. ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారెంపూడి ఉత్సవాల్లో వీరవిద్యావంతులు ఈ కథ ఇప్పటికీ పాడుతున్నారు. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అనేది పండితులు తేల్చవలసిన విషయం. మేము గమనించమని కోరేది ఒక చిన్న సంగతి. బిడ్డ మీద అందరికన్న ఎక్కువ ప్రేమ ఉన్న తల్లి నోట రావలసిన మాట, వీధిలో కోపంగా ఉన్న మరొకరి నోట వచ్చింది. ఇంట్లో చెప్పని నిజం ఎప్పుడో ఒకనాడు వీధిలో వినబడుతుంది. అప్పుడది ఓదార్చే మాటగా రాదు, బొంగరం ములికిలాగా వస్తుంది.

ఈ సంగతినే మన పల్నాటి కథ ఎరగని ఒక రచయిత, ఎక్కడో దూరదేశంలో కూర్చొని ఒక డిటెక్టివ్ నవలగా రాశారు. ఆ నవలను మన పాఠకులకు పరిచయం చేయాలనేది ఈ వ్యాసం ఉద్దేశం.

డిటెక్టివే తప్పిపోయిన బిడ్డ

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకొని, తెల్లవారేలోగా పూర్తిచేసిన తరం మనలో ఉంది. అలాంటి పుస్తకాల కట్టుబాటు మనకు తెలిసిందే. మొదట ఒక హత్యో, ఒక మాయమో జరుగుతుంది. చివర దోషి దొరుకుతాడు. పుస్తకం మూసి హాయిగా నిద్రపోతాం. మేము చెప్పబోయే నవలలోనూ మాయం కావడాలు, వెదకడాలు, రహస్యాలు ఉన్నాయి. అయితే వెదికేవాడు వేరెవరి కేసో పట్టుకొని తిరగడు. తన అమ్మానాన్నలనే వెదుకుతాడు.

పుస్తకం పేరు ‘వెన్ వియ్ వర్ ఆర్ఫన్స్’. ‘మేము అనాథలుగా ఉన్నప్పుడు’ అని అర్థం చెప్పుకోవచ్చు. 2000లో వెలువడింది. ఆ సంవత్సరం బుకర్ బహుమతి తుది జాబితాలో నిలిచింది. రచయిత కజువో ఇషిగురో 1954లో జపాన్‌లోని నాగసాకిలో పుట్టారు. 1945 ఆగస్టు 9న అణుబాంబు పడిన ఊరే అది. తండ్రి సముద్ర శాస్త్రవేత్త. ఆయన పనిమీద కుటుంబం 1960లో ఇంగ్లండు వెళ్ళింది. అప్పటికి కజువోకు అయిదేళ్ళు. కొద్దికాలం ఉండి తిరిగి వచ్చేద్దామని వెళ్ళినవారు అక్కడే ఉండిపోయారు. కజువో మళ్ళీ జపాన్ నేల మీద కాలు పెట్టింది 1989లో, దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత. ఆ ఏడే ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’ నవలకు బుకర్ బహుమతి వచ్చింది. 2017లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. చిన్ననాడు విడిచి వచ్చిన ఇల్లు మనసులో ఎలా మారిపోతుందో ఈయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

రహస్యం ఉన్న నవలకు ముగింపు ముందే చెప్పరాదని అంటారు. కాని ఈ పుస్తకంలో మనకు కావలసిన పాఠమంతా ముగింపులోనే ఉంది. కనుక చెప్పక తప్పదు.

షాంఘైలో ఒక ఇల్లు

కథ 20వ శతాబ్దపు తొలి రోజుల్లో చైనాలోని షాంఘై నగరంలో, విదేశీయులు నివసించే పేటలో మొదలవుతుంది. క్రిస్టఫర్ బ్యాంక్స్ ఇంగ్లీషు పిల్లవాడు. అమ్మ ముద్దుగా ‘పఫిన్’ అని పిలుస్తుంది. పక్కింటి జపాను పిల్లవాడు అకీరా అతని ప్రాణస్నేహితుడు. అకీరా వాళ్ళింట్లో ఉన్న ముసలి పనివాడు తెగిన చేతులను సాలెపురుగులుగా మారుస్తాడని ఇద్దరూ గట్టిగా నమ్ముతారు. ఒకనాడు గుండె చిక్కబట్టుకొని అతని గదిలో దూరి ఒక సీసా పట్టుకొస్తారు. చింతచెట్టు మీది దయ్యానికి భయపడి సాయంత్రం ఆ దారి తొక్కని మన పిల్లలకూ వాళ్ళకూ తేడా ఏముంది?

నాన్న ఒక పెద్ద ఇంగ్లీషు కంపెనీలో ఉద్యోగి. ఆ కంపెనీ చైనాలోకి నల్లమందు దిగుమతి చేస్తుంది. అమ్మ ఆ నల్లమందు వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాడుతుంది. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ఆ నల్లమందు పండింది మన దేశంలోనే. గంగానది పరీవాహక ప్రాంతాల్లో ఈస్టిండియా కంపెనీ గుత్తాధికారం కింద రైతులచేత గసగసాల పంట వేయించి, సరుకు తయారుచేయించి, కలకత్తాలో వేలం వేస్తే వర్తకులు దానిని చైనాకు చేరవేసేవారు. చైనా కాదంటే 1839-42లోనూ, 1856-60లోనూ యుద్ధాలు జరిగాయి. చివరకు 1907లో ఇండియా నుంచి వెళ్ళే నల్లమందును ఏటా పదోవంతు చొప్పున తగ్గించడానికి బ్రిటన్, చైనా ఒప్పుకొన్నాయి. క్రిస్టఫర్ ఇంట్లో భోజనం, బట్ట, ఉండే ఇల్లు అన్నీ అమ్మ పాపమని నమ్మిన వ్యాపారం నుంచే వస్తున్నాయి. భార్యాభర్తల మధ్య మాటలు తగ్గిపోయాయి.

పెద్దలు మాట్లాడుకోని ఇంట్లో పిల్లవాడు ఏమనుకొంటాడు? ఈ నవలలో మమ్మల్ని అన్నిటికన్న కదిలించిన భాగం ఇది. తాను సరైన ఇంగ్లీషు పిల్లవాడిగా పెరగకపోవడంవల్లనే అమ్మానాన్నలు మాట్లాడుకోవడం మానేశారని క్రిస్టఫర్ అనుకొంటాడు. తన ఇంట్లోనూ అంతేనని అకీరా చెప్పడంతో ఆ నమ్మకం బలపడుతుంది. ఇంటికి వచ్చిపోయే ఫిలిప్ అంకుల్ దగ్గరకు వెళ్ళి, తాను ఇంకా బాగా ఇంగ్లీషువాడు కావాలంటే ఏం చేయాలని అడుగుతాడు. ఆ చిన్న ప్రాణం పెద్దల తగువును తన నెత్తిన వేసుకొని, దాన్ని తీర్చే దారి వెదుకుతున్నది.

ఒకరోజు ఆఫీసుకు వెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. కొన్నాళ్ళకు ఫిలిప్ అంకుల్ అకార్డియన్ కొనిపెడతానని పిల్లవాణ్ణి బజారుకు తీసుకువెళ్ళి, జనం మధ్య వదిలేశాడు. అనుమానం వచ్చి ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ లేదు. ఆ తరువాత అతణ్ణి ఓడ ఎక్కించి ఇంగ్లండులోని అత్త దగ్గరకు పంపించారు. మీ అమ్మానాన్నలకు ఏమయింది అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆటలో కట్టుకొన్న ఇల్లు

జవాబు లేనిచోట పిల్లలు జవాబు కట్టుకొంటారు. నాన్న మాయమైన తరువాత క్రిస్టఫర్, అకీరా కొత్త ఆట ఒకటి మొదలుపెట్టారు. ఆ ఆటలో నాన్నను దొంగలు ఎత్తుకుపోయారు. అయితే ఆయనను మంచి ఇంట్లోనే ఉంచారు, ఏ నొప్పీ తెలియకుండా చూసుకొంటున్నారు. గొప్ప డిటెక్టివ్ ఒకాయన వచ్చి ఆయనను విడిపిస్తాడు. ఆ ఆటను అలా ఆడుకోవడంలో తప్పేమీ లేదు. నిప్పులాంటి సంగతిని పట్టుకోవడానికి అది పిల్లవాడు చుట్టుకొన్న గుడ్డ. విషాదమంతా ఆ తరువాత ఉంది. నిజం చెప్పేవారు లేనందున ఆ ఆట ముగియలేదు. క్రిస్టఫర్ పెరిగి పెద్దవాడయ్యాడు. కేంబ్రిడ్జిలో చదివాడు. లండన్ మెచ్చిన డిటెక్టివ్ అయ్యాడు. లోపల మాత్రం ఆ ఆటే నడుస్తున్నది.

1937లో అతడు షాంఘై తిరిగి వెళ్ళాడు. జపాను సైన్యానికీ చైనా సైన్యానికీ నగరంలో ఘోరయుద్ధం జరుగుతున్నది. పాతికేళ్ళు దాటుతున్నా అమ్మానాన్నలను ఇంకా ఏదో ఇంట్లో బంధించి ఉంచారనే అతని నమ్మకం. కూలిన గోడల మధ్యనుంచి, శవాల మధ్యనుంచి ఆ ఇంటిని వెదుక్కుంటూ వెళ్ళాడు. గాయపడిన ఒక జపాను సైనికుణ్ణి చూసి అకీరాయే అనుకొన్నాడు. చివరకు ఇల్లు దొరికింది. లోపల అమ్మ లేదు, నాన్న లేడు. అప్పుడే ఇంటివాళ్ళందరినీ పోగొట్టుకొన్న ఒక చైనా చిన్నపిల్ల ఉంది. గాయపడిన కుక్కపిల్లను పట్టుకొని ఉంది. మన డిటెక్టివ్ జేబులోంచి భూతద్దం తీశాడు. ఈ పని చేసినవాళ్ళను పట్టుకొంటానని ఆ పిల్లకు మాట ఇచ్చాడు!

ఆ పిల్లకు ఆ వేళ కావలసింది భూతద్దమా? దగ్గరకు తీసుకొనే చెయ్యి కదా! కాని ఆ చెయ్యి అతనికి ఎవరూ చాచలేదు. తనకు అందనిది ఇంకొకరికి ఇవ్వడం అతనికి చేతకాలేదు. లండన్‌లో అతడు జెన్నిఫర్ అనే అనాథ బాలికను పెంచుకొంటున్నాడు. ఆ బిడ్డను కూడా వదిలిపెట్టే ఈ వెదుకులాటకు వచ్చాడు. ఒక తరంలో దాచిన నిజం తరువాతి తరంలో ఇంకొక బిడ్డను ఒంటరిని చేసింది.

నిజం తెలిసిన రోజు

ఆఖరుకు నిజం ఫిలిప్ అంకుల్ నోట వచ్చింది. నాన్నను ఎవరూ ఎత్తుకుపోలేదు. ఆయన వేరొక స్త్రీతో వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు సింగపూర్‌లో టైఫాయిడ్‌తో చనిపోయాడు. అమ్మ కథ ఇంకా ఘోరం. నల్లమందు విషయంలో ఒక చైనా యుద్ధనాయకుణ్ణి ఆమె ముఖం మీదే నిందించింది. అతడు పగబట్టి ఆమెను తన బందీగా తీసుకుపోయాడు. అందుకు ఫిలిప్ అంకులే దారి ఇచ్చాడు. అయితే ఆమె ఒక షరతు పెట్టింది. తన కొడుకు చదువుకు, బతుకుకు డబ్బు అందుతూ ఉండాలి. ఇంగ్లండులో అత్త ఆస్తి అనుకొని క్రిస్టఫర్ తిన్న ప్రతి ముద్ద, చదివిన ప్రతి చదువు అమ్మ చెర నుంచి వచ్చిందే.

హాంకాంగ్‌లో, క్రైస్తవ సన్యాసినులు నడిపే ఒక ఆశ్రమంలో అతడు తల్లిని చూడగలిగాడు. ఆమెకు మతి చలించింది. కొడుకును గుర్తుపట్టలేదు. ‘పఫిన్’ అనే పేరు వినగానే మాత్రం ఆమె ముఖం మారింది. తనను కాపాడలేకపోయిన పఫిన్‌ను క్షమించగలవా అని అతడు, తానెవరో చెప్పకుండానే అడిగాడు. క్షమించడమేమిటని ఆమె తెల్లబోయింది. ఆమె మనసులో ఆ బిడ్డ మీద కోపమే లేదు, ఎప్పుడూ లేదు. ఆ సంగతి తెలుసుకోవడానికి అతనికి జీవితంలో సగానికి పైగా పట్టింది. అతడు వెదికినది దోషిని కాదు, ఆ ఒక్క మాటను.

యాకోబు ఇంటి రహస్యం

బైబిలు చదివే మనకు ఇలాంటి ఇల్లు ఒకటి బాగా పరిచయమే. యోసేపును అమ్మివేసిన అన్నలు రక్తంలో ముంచిన అంగీని తండ్రి ముందు పెట్టారు. అప్పుడు యోసేపుకు పదిహేడేళ్ళు. ఫరో ఎదుట నిలిచేనాటికి ముప్పై. ఆపైన సమృద్ధిగా పండిన ఏడేళ్ళు, కరవులో రెండేళ్ళు గడిచాకగాని తండ్రికి నిజం తెలియలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఒక ఇల్లు ఒక అబద్ధం మీద కాపురం చేసింది. తండ్రిని ఓదార్చడానికి వచ్చిన కొడుకులకే అసలు సంగతి తెలుసు. నిజం దాచినవాడి ఓదార్పు పనిచేయదు. యాకోబు ఓదార్పు పొందనొల్లలేదంటే ఆశ్చర్యమేముంది?

మన ఇళ్ళ సంగతి

షాంఘై, ఐగుప్తు దూరం. మన ఊళ్ళు దగ్గర. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా పటం కొత్తదే గాని గాయాలు పాతవి. ముఠా తగాదాల్లో తండ్రులను పోగొట్టుకొన్న పిల్లలున్న ఊళ్ళు ఇవి. పత్తి, మిరప చేలల్లో అప్పులపాలై పురుగుల మందు తాగిన రైతుల పిల్లలున్న ఊళ్ళు. జబ్బులకు, ప్రమాదాలకు, కరోనాకు పెద్దదిక్కు పోయిన ఇళ్ళు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. ఆ ఇళ్ళలో పిల్లవాడు “నాన్న ఏడి?” అని అడిగితే మనం ఏం చెబుతున్నాం?

“ఊరెళ్ళాడమ్మా, వస్తాడులే” అంటాం. పిల్లవాడు వాకిట్లో కూర్చుంటాడు. బస్సు వచ్చిన ప్రతిసారీ లేచి చూస్తాడు. రానందుకు నాన్న మీద కోపం పెంచుకొంటాడు.

మన సంఘాల్లో ఇంకొక మాట ఉంది. “ప్రభువునందు నిద్రించారు” అని కార్డుల మీద, సమాధుల మీద వేయించుకొంటాం. నిరీక్షణతో నిండిన మాట అది. పెద్దలకు ఎంతో ఆదరణ. కాని నాలుగేళ్ళ పిల్లకు నిద్ర అంటే నిద్రే. నాయనమ్మ నిద్రపోతే పెట్టెలో పెట్టి మట్టి పోశారని ఆ పిల్లకు అర్థమయితే, ఆ రాత్రి కళ్ళు మూయడానికి భయపడదా? “దేవుడు తీసుకుపోయాడు” అంటాం. అమ్మ కావలసింది నాకు కదా, దేవుడెందుకు తీసుకున్నాడని బిడ్డ లోలోపల దేవుని మీదే అలుగుతాడు. అయిదారేళ్ళ లోపు పిల్లలకు చావు తిరిగి రానిదన్న సంగతి పూర్తిగా అందదు. అందుకే వాళ్ళకు చాటుమాటలు కాక, తేటమాటలు కావాలి.

ఇంతకన్న ప్రమాదమైనది ఇంకొకటి ఉంది. ముఠా తగాదాలున్న ఇళ్ళలో నిజం దాచరు. పైగా ఉగ్గుపాలతో పోస్తారు. “మీ నాన్నను చంపింది ఫలానావాళ్ళు, మరిచిపోకురా” అని పటం ముందు నిలబెట్టి చెబుతారు. అన్నమ్మ చెప్పినదీ నిజమే. ఆ నిజం పిల్లవాణ్ణి కారెంపూడికే నడిపించింది. కనుక నిజం చెప్పడం ఒక్కటే చాలదు. బిడ్డ బతకడానికి చెప్పాలి, పగ బతకడానికి కాదు.

ఎలా చెప్పాలి?

ఇందుకు పెద్ద చదువులు అక్కరలేదు. కొన్ని సంగతులు గుర్తుంచుకొంటే చాలు.

మొదటిది, బిడ్డ బాగా నమ్మినవారే చెప్పాలి. తల్లి, తాతయ్య, అమ్మమ్మ, మేనమామ ఎవరైనా సరే, పక్కన కూర్చోబెట్టుకొని, వీధి చెప్పకముందే చెప్పాలి.

రెండవది, చిన్న మాటల్లో చెప్పాలి. “నాన్న చనిపోయాడు. చనిపోయినవాళ్ళ ఒళ్ళు ఇక పనిచేయదు, నొప్పి ఉండదు, వాళ్ళు ఇంటికి తిరిగి రారు.” ఇంత చాలు. మన పునరుత్థాన నిరీక్షణ సంగతి దీని తరువాత చెప్పవచ్చు, దీనికి బదులుగా కాదు. తండ్రి తన ప్రాణం తానే తీసుకొన్నప్పుడు కూడా పాము కరిచిందని కథలు అల్లవద్దు. బడిలో ఎవరో ఒకరు అనకపోరు. “నాన్న మనసుకు పెద్ద కష్టం వచ్చింది, ఆ కష్టంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు, సాయం అడగాలని ఆయనకు తోచలేదు” అని ఈడుకు తగినంత చెప్పి, అడిగినప్పుడల్లా మరికొంచెం చెప్పాలి.

మూడవది, “ఇందులో నీ తప్పు ఏమీ లేదు” అని నోరు తెరిచి చెప్పాలి. పిల్లవాడు అడగకపోయినా చెప్పాలి. క్రిస్టఫర్ కూడా ఎవరినీ ఆ ప్రశ్న సూటిగా అడగలేదు. అల్లరి చేశాననో, ఆ రోజు మాట వినలేదనో తనలో తాను కుములుతున్న పిల్లలు మనం అనుకొన్నదానికన్న ఎక్కువే.

నాలుగవది, భూస్థాపనకు రావాలని బిడ్డకు ఉంటే, ఏం జరుగుతుందో ముందే చెప్పి, చేయి పట్టుకొని తీసుకువెళ్ళండి. భయపడితే బలవంతం చేయవద్దు. ఆదరణ కూడిక రోజున పెద్దలందరూ లోపల పాటలు పాడుతుంటే, బయట చెప్పుల దగ్గర ఒంటరిగా ఆడుకొంటున్న పిల్లవాణ్ణి ఒకరైనా పలకరించండి.

ఐదవది, పోయినవారి పేరు ఇంట్లో వినబడనివ్వండి. ఏడుపు వస్తుందని పటాలు బీరువాలో దాచేస్తే బిడ్డకు అర్థమయ్యేది ఒక్కటే, ఈ పేరు ఎత్తరాదని. నాన్నకు ఏ కూర ఇష్టం, ఏ పాట పాడేవాడు, ఎలా నవ్వేవాడు అనేవి పిల్లలకు రావలసిన ఆస్తి. “ఇకమీదట ఇంటికి నువ్వే పెద్దవాడివి” అని పదేళ్ళవాడి భుజం మీద ఆ బరువు పెట్టకండి. వాడిని వాడి బొంగరం తిప్పుకోనివ్వండి.

ప్రియ పాఠకులారా, ఇంగ్లీషు చదవగలిగిన యువతీయువకులు, ఉపాధ్యాయులు, కాపరులు ఈ నవల తప్పక చదవాలి. యుద్ధఘట్టాలు, పెద్దల జీవితపు చీకటి కోణాలు ఉన్నందున చిన్నపిల్లలకు ఇవ్వదగిన పుస్తకం కాదు. పెద్దలు చదివి, తమ ఇంటి పిల్లల ముఖాల్లోకి ఒకసారి చూడవలసిన పుస్తకం.

క్రిస్టఫర్ కేసుకు గొప్ప డిటెక్టివ్ అవసరం లేదు. అతనికి తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు ఒక పెద్దమనిషి పక్కన కూర్చొని, మీ అమ్మకు నువ్వంటే ఎంతో ప్రేమ, ఇందులో నీ తప్పు లేదు అని చెప్పి ఉంటే చాలు. అంతమాత్రాన పోయినవాళ్ళు తిరిగి రారు. కాని ఉన్న బిడ్డ తప్పిపోకుండా ఉంటాడు. మీ వీధిలో ఈ ఏడు తల్లినో, తండ్రినో పోగొట్టుకొన్న బిడ్డ ఎవరో మీకు తెలుసు. ఆ బిడ్డకు నిజం ఎవరు చెప్పారో కనుక్కోండి. ఎవరూ చెప్పకపోతే ఆ ఇంటి పెద్దలతో కూర్చొని మాట్లాడండి. వారికి నోరు రాకపోతే, బిడ్డకు చెప్పే వేళ వారి పక్కన మీరు ఉండండి.